పిల్లల పెద్దమ్మ

ఆమెకి బ్రేకమ్మ అని పేరు పెట్టింది ఆమె దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళే. డ్రైవింగు స్కూలు కారులో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా లారీ మీదికి వస్తున్నా ఆమె గొంతు పెంచేది కాదు. "బ్రేకమ్మా, బ్రేకు" అనేది నిదానంగా, స్టీరింగు పట్టుకున్నది గడ్డాలూ మీసాలూ ఉన్న మనిషైనా సరే. అవతలివాళ్ళు తొక్కితే సరే, లేకపోతే తనే తొక్కేది. తర్వాత కారు పక్కకి తీయించి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ మొదటినుంచి చెప్పేది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున్నే టూల్సు సంచీ భుజాన వేసుకుని వెళ్ళి, సాయంత్రానికి మోచేతుల దాకా గ్రీజుతో తిరిగొచ్చేవాడు. "పైకీ కిందకీ తిరగడమే గానీ ముందుకి పోయే యోగం లేదు మన వృత్తిలో" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా వాళ్ళకి పిల్లలు కలగలేదు. మొదట్లో డాక్టర్ల చుట్టూ తిరిగారు, మోకాళ్ళ మీద ప్రార్థనలు చేశారు. రానురానూ ఆ మాట ఎత్తడమే మానేశారు. ఇల్లు ఎక్కడి వస్తువు అక్కడ ఉండి, ప్రశాంతంగా ఉండేది. అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువ ప్రశాంతంగానే ఉండేది.

ఒక శనివారం సాయంత్రం వాళ్ళ చర్చిలో సినిమా వేశారు. ఆరాధన జరిగే హాల్లోనే బెంచీలు వెనక్కి జరిపి, గోడకి తెల్లదుప్పటి కట్టారు. కథ ఒక చిన్న సంఘానిది. అమ్మానాన్నా లేని పిల్లల్నీ, ఉన్నా చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళ పిల్లల్నీ ప్రభుత్వం కొన్నాళ్ళు ఒకరింట్లో, కొన్నాళ్ళు ఇంకొకరింట్లో పెడుతూ ఉంటుంది. అలాంటి పిల్లల్ని ఆ సంఘంలోని కుటుంబాలు ఒకటి తర్వాత ఒకటి ఇంటికి తెచ్చుకుని, చివరికి దత్తత చేసుకుంటాయి. సినిమా ఆఖర్లో ఒక పిల్ల ఇంటావిణ్ణి మొదటిసారి "అమ్మా" అని పిలుస్తుంది. హాల్లో ముక్కులు చీదుకోని మనిషి లేడు.

లైట్లు వేశాక పాస్టరుగారు లేచి, "మన ఊళ్ళో కూడా ఇళ్ళు లేని పిల్లలున్నారు. ఎవరి హృదయమైనా కదిలితే చెయ్యెత్తండి" అన్నారు. చాలా చేతులు లేచాయి. అందులో లిఫ్టు మెకానిక్కుది ఒకటి.

ఇంటికి వెళ్తుంటే కారులో బ్రేకమ్మ అడిగింది. "నన్నొక మాట అడగకుండా చెయ్యెత్తేశారేంటి?"

"నీ చెయ్యి లేవడం చూసే కదా నేనెత్తింది."

"నేను కళ్ళు తుడుచుకోడానికి ఎత్తాను."

"అయితే రేపు పాస్టరుగారికి చెప్పేస్తాలే, పొరపాటైందని."

ఇంటి ముందు కారు ఆపి, ఇంజను ఆపకుండా ఆమె అలాగే కూర్చుంది. "చెప్పొద్దులెండి. ఎత్తింది దించడం ఎందుకు" అంది.

ఆ సాయంత్రం లేచిన చేతుల్లో చాలావరకు ఆ వారంలోనే దిగిపోయాయి. ఒకరికి అత్తగారు ఒప్పుకోలేదు, ఇంకొకరికి గది చాలలేదు. మిగిలిన కొద్దిమందికి పిల్లల శాఖవాళ్ళు తరగతులు పెట్టారు, ఇంటికొచ్చి మందుల డబ్బా ఎంత ఎత్తులో ఉందో కూడా చూసి వెళ్ళారు. శాఖ తరఫున వచ్చే మేడం నిక్కచ్చి మనిషి. నవ్వితే నేరమేమో అన్నట్టు ఉండేది. ఒకరోజు ఆ మేడమే ఇద్దరు అక్కచెల్లెళ్ళని తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టింది. పెద్దదానికి పదేళ్ళు, చిన్నదానికి నాలుగు. వాళ్ళ నాన్న ఎవరో ఎక్కడున్నాడో తెలియదు. అమ్మ జబ్బుచేసి ఆసుపత్రిలో పోయింది. అప్పట్నించి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మారుతూ ఉన్నారు. మధ్యలో కొన్నాళ్ళు ఇద్దర్నీ విడదీసి చెరో చోట ఉంచారట.

పెద్దది గుమ్మం దాటకముందే అడిగింది. "మమ్మల్ని తిరిగి పంపించేటప్పుడు ఇద్దర్నీ ఒకేచోటికి పంపిస్తారా?"

బ్రేకమ్మ ఆ పిల్ల ఎత్తుకి వంగింది. "మిమ్మల్ని పంపించాలని తెచ్చుకోలేదమ్మా" అంది.

"అందరూ అలాగే అంటారు. పంపిస్తే మాత్రం ఇద్దర్నీ ఒకేచోటికి పంపాలి" అని చెప్పి, చెల్లెలి చెప్పులు విప్పి, తన చెప్పుల పక్కన గోడవారగా పెట్టి, అప్పుడు లోపలికొచ్చింది.

ఆ పిల్ల పద్ధతి చూసి రెండోరోజుకే లిఫ్టు మెకానిక్కు ఆమెకి మేస్త్రి అని పేరు పెట్టాడు. చెల్లెలికి స్నానం తనే చేయించాలి, జడ తనే వేయాలి. పాలు వేడిగా ఉన్నాయో లేదో తను తాగి చూడాలి. చెల్లెలు పార్కులో ఉయ్యాల ఎక్కితే తను కింద చేతులు చాపి నిలబడాలి. తన ఆట సంగతి అడిగితే "నాకు ఆడటం రాదు" అనేది. చిట్టి అని పిలిచే ఆ చిన్నది మాత్రం ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ చంకెక్కేసేది. ఎక్కిన మరుక్షణం మేస్త్రి వచ్చి దింపుకుపోయేది.

బ్రేకమ్మ అడ్డుపడలేదు. పనిలో ఆమెకి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. భయపడ్డవాళ్ళ చేతిలోంచి స్టీరింగు లాక్కుంటే వాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. కాకపోతే కారులో ఉన్న ఓర్పు ఇంట్లో అంత తేలిగ్గా రాలేదు. చిట్టి తలంటు సగంలో నురుగు కళ్ళల్లో పడి ఏడుస్తుంటే, బయట తలుపు దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడి "నేను రానా?" అని అడిగి, "వద్దు" అనిపించుకోవడం ఎవరికైనా కష్టమే.

ఇంకో చిక్కు పిలుపు దగ్గర వచ్చింది. మేస్త్రి ఆమెని ఏమనీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే ఎదురుగా వచ్చి నిలబడి, ఆమె తన వైపు చూసేదాకా ఆగేది. ఆమె వంటింట్లో వెనక్కి తిరిగి ఉంటే అలా ఎంతసేపు నిలబడేదో. ఒకసారి తిరిగి చూసి బ్రేకమ్మ అదిరిపడి, చేతిలో గుడ్డు కింద పడేసింది.

"పిలవచ్చు కదమ్మా."

"ఏమని?" అంది మేస్త్రి.

భర్తతో ఆ మాట చెబితే, "నన్ను కూడా ఏమీ పిలవదు. నిన్న నా చొక్కా గుండీ పట్టుకుని లాగింది, కాలింగు బెల్లు నొక్కినట్టు" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు.

కొన్ని నెలలు అలా గడిచాయి. దత్తతకి కోర్టు దారి మొదలైంది. చర్చిలో మళ్ళీ ఆ సినిమానే వేద్దామనుకున్నారు, ఇంకా కొన్ని కుటుంబాలు ముందుకొస్తాయని. పాస్టరుగారు వీళ్ళింటికొచ్చి, "సినిమా అయ్యాక మీరు నలుగురూ ఒకసారి ముందుకొచ్చి నిలబడితే చాలు. చూసినవాళ్ళకి ధైర్యం వస్తుంది" అన్నారు.

"నిలబడటాలు వద్దండీ, పిల్లలు బెదురుతారు. సినిమాకైతే తీసుకొస్తాం" అంది బ్రేకమ్మ.

ఆయన మంచివాడు, బలవంతం చేయలేదు.

మళ్ళీ అదే హాలు, అదే తెల్లదుప్పటి. చిట్టి లిఫ్టు మెకానిక్కు ఒళ్ళో కూర్చుని బిస్కెట్లు నములుతోంది. మేస్త్రి బెంచీ చివర బిగుసుకుని కూర్చుని, రెప్ప వేయకుండా చూస్తోంది. ఆఖర్లో తెర మీది పిల్ల "అమ్మా" అంది. హాలంతా ముక్కులు చీదుకుంటున్న చప్పుడు. మేస్త్రి లేచి, చెల్లెల్ని అతని ఒళ్ళోంచి కిందికి లాగి, చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

బ్రేకమ్మ వెంటనే లేవబోతుంటే భర్త చెయ్యి పట్టి ఆపాడు. "కొంచెం ఆగి వెళ్ళు. పారిపోయే నడక కాదది" అన్నాడు.

ఆమె వెళ్ళేసరికి ఇద్దరూ చర్చి ఆవరణలో, డ్రైవింగు స్కూలు కారు వెనక సీట్లో కూర్చుని ఉన్నారు. బ్రేకమ్మ ముందు తలుపు తెరిచి, తను రోజూ కూర్చునే సీట్లోనే కూర్చుంది. వెనక్కి తిరగలేదు. అద్దంలోంచి మేస్త్రి నుదురు, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

మేస్త్రే ముందు మాట్లాడింది. "ఆ సినిమాలో ఆ పిల్ల వాళ్ళమ్మ ఏమైంది?"

"ఏ అమ్మ?"

"అసలమ్మ. ముందు ఒకమ్మ ఉంటుంది కదా. ఆవిడ ఒక్కసారి కూడా కనిపించలేదు."

బ్రేకమ్మ ఆ సినిమా రెండుసార్లు చూసింది. రెండుసార్లూ ఏడ్చింది. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా ఆమెకి తట్టలేదు. "అవును, చూపించలేదు" అంది.

"ఎందుకు చూపించలేదు?"

"తెలీదమ్మా. మర్చిపోయారేమో."

"ఆ పిల్ల కూడా మర్చిపోయింది. అందుకే ఈవిణ్ణి అమ్మ అంది." మేస్త్రి గొంతు వణకలేదు, తగువు తీరుస్తున్నట్టే ఉంది. "చిట్టికి మా అమ్మ గుర్తులేదు. నాకు గుర్తుంది. అమ్మ జడ వేసేటప్పుడు నోట్లో పిన్నులు పెట్టుకుని మాట్లాడేది. ఏం మాట్లాడుతోందో ఎవరికీ అర్థమయ్యేది కాదు, నాకు తప్ప. మీరు మంచివాళ్ళే. కానీ నేను మిమ్మల్ని అమ్మ అనను. అనకపోతే పంపించేస్తారా?"

అప్పుడు బ్రేకమ్మ వెనక్కి తిరిగింది. "అనొద్దు. మీ అమ్మ పేరు మీ అమ్మకే ఉండనీ. దానికీ పంపించడానికీ సంబంధం లేదు. నువ్వు నన్ను ఇదుగో అని పిలిచినా సరే, నువ్విక్కడే ఉంటావు."

మేస్త్రి మొహం చిట్లించింది. "ఇదుగో బాగోదు" అంది.

"అయితే పిన్ని అను."

"పిన్ని అంటే అమ్మకి చెల్లెలు. మా అమ్మకి చెల్లెలు లేదు. అక్క ఉంది."

పిల్లలకి బంధువులెవరూ లేరని శాఖ మేడం చెప్పింది. "అక్క ఉందా? ఎక్కడుంటుంది?"

"ఓడలు ఆగే చోట. పెద్ద క్రేను నడుపుతుంది. నా చిన్నప్పుడు ఒకసారి నన్ను దాన్లో కూర్చోబెట్టింది. తర్వాత ఆవిడకీ అమ్మకీ మాటల్లేవు."

"ఈ సంగతి శాఖవాళ్ళకి చెప్పావా?"

"ఎవరూ అడగలేదు" అంది మేస్త్రి. చిట్టి ఆమె ఒళ్ళో తలపెట్టి నిద్రపోయింది.

ఆ మర్నాడు ఆదివారం. ఆరాధన అయి ఇంటికొచ్చాక, పిల్లలు గదిలో ఉండగా బ్రేకమ్మ భర్తకి కారులో మాటలన్నీ చెప్పింది. పిల్లలకి సొంత బంధువు ఉంటే ముందు వాళ్ళకే హక్కని తరగతుల్లో ఇద్దరూ విన్నదే. కోర్టు రోజు దగ్గరపడుతోంది. ఈ మాట బయటపెడితే అంతా ఆగిపోతుంది. పిల్లలు వెళ్ళిపోయినా వెళ్ళిపోవచ్చు.

అతను స్క్రూడ్రైవరుతో గోళ్ళలో గ్రీజు తీసుకుంటూ విన్నాడు. "చెప్పకపోతే ఎవరికీ తెలీదు" అన్నాడు చివరికి.

"తెలీదు."

"నువ్వు ఉండగలవా, చెప్పకుండా?"

"ఉండగలననే భయంగా ఉంది" అంది ఆమె.

అతను స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "ఆ పిల్లకి మిగిలిన రక్తసంబంధం అదొక్కటే. అది కూడా మనం దాచేస్తే, ఆ సినిమా తీసినవాళ్ళకీ మనకీ తేడా ఏముంది?" అన్నాడు.

ఆ సోమవారమే బ్రేకమ్మ శాఖ మేడానికి ఫోన్ చేసింది. మేడం అంతా విని, "మీరు ఇది చెప్పారని ఫైల్లో రాస్తాను" అంది. అంత మెత్తగా ఆమె మాట్లాడటం బ్రేకమ్మ వినడం అదే మొదలు. కానీ అది ఓదార్పులా అనిపించలేదు.

పాస్టరుగారికీ చెప్పింది, ఆయన అడిగితే. సినిమా ఆఖర్లో పిల్లలు ఎందుకు లేచి వెళ్ళారో కూడా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేనూ ఎప్పుడూ ఆలోచించలేదమ్మా. ఇన్నిసార్లు చూశాను" అన్నారు. ఇద్దరూ ప్రార్థనకి తలలు వంచారు. ఆ పెద్దమ్మ దొరకకూడదని అడగాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దొరకాలని అడగడానికి మనసు ఒప్పలేదు. రెండూ మానేసి, "చూసుకో తండ్రీ" అని మాత్రం అంది.

ఆ రోజుల్లోనే మేస్త్రి ఆమెని పిన్ని అనడం మొదలుపెట్టింది. ముహూర్తం చూసుకుని ఏమీ కాదు. సోపు అయిపోతే స్నానాల గదిలోంచి "పిన్నీ, సోపు" అని కేకేసింది. మెకానిక్కు తన ప్రమేయం లేకుండానే బాబాయి అయిపోయాడు. "ఏ పనీ చేయకుండా ప్రమోషను రావడం నా సర్వీసులో ఇదే" అన్నాడు. చిట్టి తలంటు కూడా మెల్లగా పిన్ని చేతికొచ్చింది, మేస్త్రి పక్కన నిలబడి తనిఖీ చేస్తుండగా. తర్వాత్తర్వాత తనిఖీ కూడా తగ్గింది. సాయంత్రాలు బాబాయి ఆమెకి క్యారమ్సు నేర్పాడు. మొదట్లో ఓడిపోతే మూతి ముడుచుకునేది. ఆ తర్వాత ఓడించి కాయలు గలగలలాడించేది. ఇల్లంతా చిందరవందరగా ఉండేది. ఇంట్లో ఇంత ఆనందం ఉండగా ఫోను మోగినప్పుడల్లా శాఖ నుంచేమోనన్న భయం బ్రేకమ్మకి నరకమైంది. ఒకరోజు పాఠం మధ్యలో, రోడ్డు ఖాళీగా ఉండగానే తన బ్రేకు తొక్కేసింది. స్టీరింగు దగ్గరున్న కుర్రది హడలిపోయి, "నేనేం తప్పు చేశానండీ?" అంది. "నువ్వేం చేయలేదమ్మా. నాకే ఏదో అడ్డొచ్చినట్టనిపించింది" అంది బ్రేకమ్మ.

పెద్దమ్మ దొరికింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని చూడటానికి వస్తుందని మేడం చెప్పింది. "ఆవిడ పిల్లల్ని తీసుకుంటానంటోంది. మీరు సిద్ధంగా ఉండటం మంచిది" అని కూడా చెప్పింది.

వచ్చింది. గుమ్మానికి నిండుగా, ఎత్తుగా ఉన్న మనిషి. క్రేను గదిలోంచి కిందివాళ్ళకి వినపడేలా అరిచి అరిచి గొంతు మోటుబారిపోయింది. లోపలికి రాగానే చిట్టిని చూసి అక్కడే ఆగిపోయింది. చిట్టిది అచ్చంగా వాళ్ళమ్మ మొహమే. అంత పెద్ద మనిషీ గోడ పట్టుకుని నిలబడింది. చెల్లెలు పోయిందన్న కబురు ఆమెకి శాఖవాళ్ళు చెబితేనే తెలిసింది. "దేనికి పోట్లాడుకున్నామో కూడా గుర్తులేదమ్మా. రెండుమాట్లు ఫోను చేయబోయి మానేశాను, మూడోమాటు చేసేసరికి నెంబరు మారిపోయింది" అంది.

మేస్త్రి దగ్గరికొచ్చి ఆమె చెయ్యి తిప్పి చూసింది. "ఈ మచ్చ నాకు గుర్తుంది. తాడు కోసుకుంది కదా" అంది. అంతే, ఆమె ఆ పిల్లని కౌగిలించుకుని బావురుమంది. బ్రేకమ్మ వంటింట్లోకి వెళ్ళి, టీ పెట్టే నెపంతో కుళాయి తిప్పి వదిలేసింది.

ఏడుపులయ్యాక మధ్యాహ్నం నెమ్మదించింది. మేస్త్రి బాబాయితో క్యారమ్సుకి కూర్చుంది. చిట్టి వరండాలో పరుగులు పెడుతోంది. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. లోపల బ్రేకమ్మ గిన్నెలు సర్దుతోంది.

వరండాలో దబ్బుమని చప్పుడైంది. చిట్టి గుక్కపట్టింది. పెద్దమ్మ గ్లాసు కింద పెట్టేలోపే చిట్టి మోకాలు పట్టుకుని కుంటుతూ, "పిన్నీ, పిన్నీ" అని ఏడుస్తూ వంటింట్లోకి వచ్చేసింది. బ్రేకమ్మ ఎత్తుకుని గట్టు మీద కూర్చోబెట్టి, తడిగుడ్డ అద్దింది. హాల్లోంచి మేస్త్రి తల ఎత్తి చూసింది. "రక్తం వచ్చిందా పిన్నీ?" అంది.

"లేదు, గీసుకుందంతే."

"సరే" అని మేస్త్రి మళ్ళీ స్ట్రైకరు మీదికి వంగింది. "బాబాయ్, మీరు కాయ జరిపారు. నేను చూశాను."

పెద్దమ్మ మేస్త్రినే చూస్తూ ఉండిపోయింది. చిట్టి ఏడుపు ఆపి బయటికి పోయాక, ఎవరితోనో చెబుతున్నట్టు అంది. "మా అమ్మకి ఫ్యాక్టరీలో షిఫ్టులు. నా చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది నేనే. అప్పుడు నాకూ ఈ పెద్దదాని వయసే. ఎవరైనా ఆడుకుందాం రా అంటే, వాళ్ళేదో వేరే భాష మాట్లాడుతున్నట్టుండేది." బ్రేకమ్మ వైపు తిరిగి, "నా సంగతి శాఖవాళ్ళకి చెప్పింది నువ్వేనట. ఎందుకు చెప్పావు?" అని అడిగింది.

"మీరున్నారు కాబట్టి అక్కా" అంది బ్రేకమ్మ.

"తీసుకుపోతానని భయం వేయలేదా?"

"వేసింది. ఇప్పుడూ వేస్తోంది."

పెద్దమ్మ టీ గ్లాసు కడిగి బోర్లించి, పిల్లలిద్దర్నీ ముద్దుపెట్టుకుని, "కోర్టులో కలుద్దాం" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాటని మొగుడూపెళ్ళాలిద్దరూ ఆ వారమంతా అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. ఏ వైపునుంచి చూసినా అర్థం తేలలేదు. బ్రేకమ్మ పిల్లల బట్టలు మడతపెడుతూ, ఏవి పంపాలో ఏవి ఉంచాలో అన్న ఆలోచన రాగానే, మడతలు వదిలేసి బయటికి వచ్చేసేది.

కోర్టంటే పెద్ద హాలు అనుకుంది గానీ, అది పొడుగు బల్ల ఉన్న మామూలు గది. జడ్జిగారు జలుబుతో ఉన్న నడివయసు ఆవిడ, మాటిమాటికీ రుమాలు తీస్తున్నారు. బల్లకి ఒక వైపు వీళ్ళు నలుగురు, రెండో వైపు పెద్దమ్మ, కొసన శాఖ మేడం. జడ్జిగారు కాగితాలు చూసి, పెద్దమ్మ వైపు తిరిగి, "పిల్లల్ని మీతో తీసుకెళ్ళాలని మొదట చెప్పారు. ఇప్పుడు మీ అభిప్రాయం ఏంటి?" అని అడిగారు.

పెద్దమ్మ లేచి నిలబడింది. ఆ మోటు గొంతుని ఎంత తగ్గించినా గది నిండింది. "తీసుకెళ్దామనే వచ్చానండీ. నాది షిఫ్టుల ఉద్యోగం. నేను డ్యూటీకి పోతే చిన్నదాన్ని చూసుకునేది ఎవరు? పెద్దదే చూసుకోవాలి. అది చూసుకుంటుంది కూడా, ఒక్కమాట అనదు. నాకు తెలుసు. కానీ మొన్న వెళ్ళినప్పుడు చెల్లెలు కిందపడితే అది లేవలేదండీ. ఆట మానకుండా కూర్చుంది. నా జన్మలో నేను అలా కూర్చోలేదు." ఆమె గుక్క తిప్పుకుంది. "నేను తీసుకెళ్తే దాన్ని మళ్ళీ ఆట మీంచి లేపినట్టవుతుంది. అక్కడే ఉండనివ్వండి. నన్ను మాత్రం వాళ్ళకి పెద్దమ్మగా ఉంచండి. అంతకంటే ఏమీ అడగను."

లిఫ్టు మెకానిక్కు తల దించుకుని తన చేతులకేసి చూసుకున్నాడు. బ్రేకమ్మ చిట్టిని దగ్గరికి లాక్కుంది. జడ్జిగారు మేస్త్రిని దగ్గరికి పిలిచి, "నీకేం కావాలో చెప్పమ్మా" అన్నారు.

మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "మేమిద్దరం పిన్నీ బాబాయిల దగ్గరే ఉంటాం. పెద్దమ్మ వస్తూ ఉండాలి. రావడం కుదరకపోతే ఫోను చేయాలి. నెంబరు మారిస్తే ముందే చెప్పాలి. మా అమ్మ ఫోటో హాల్లో పెట్టాలి."

"ఇంకేమైనా షరతులున్నాయా?" అన్నారు జడ్జిగారు, రుమాలు చాటున నవ్వు దాచుకుంటూ.

మేస్త్రి ఆలోచించింది. "ఇప్పటికి ఇవే" అంది.

జడ్జిగారు సంతకం పెట్టారు. శాఖ మేడం ఫైలు మూసి, ఎవరూ చూడటం లేదనుకుని, వేలితో కళ్ళ కొసలు ఒత్తుకుంది.

బయటికొచ్చాక బ్రేకమ్మ కోర్టు మెట్ల మీద కూర్చుండిపోయింది. పక్కనే పెద్దమ్మ కూర్చుంది. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియకుండా ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. దేవుడికి కృతజ్ఞతలు చెప్పాలని బ్రేకమ్మ కళ్ళు మూసుకుంది. చూసుకో అంటే చూసుకున్నాడు, ఇంకేం చెప్పాలి అనిపించింది. చిట్టి వచ్చి ఆమె మోకాళ్ళ మధ్య దూరి, "ఇంటికెళ్దామా, ఆకలేస్తోంది" అంది.

తర్వాత చర్చిలో ఆ సినిమా మళ్ళీ వేసినప్పుడు, పాస్టరుగారు లైట్లు ఆర్పకముందే లేచి, "ఈ సినిమాలో ఒక మనిషి కనిపించదు. ఆ పిల్లల్ని కన్నతల్లి. ఆవిణ్ణి గుర్తుపెట్టుకుని చూడండి. మీ ఇంటికి పిల్లలొస్తే, వాళ్ళ వెనక ఆవిడ కూడా వస్తుందని తెలుసుకుని చెయ్యెత్తండి" అన్నారట. ఈసారి లేచిన చేతులు తక్కువే. అవి మాత్రం దిగలేదు.

ఆ కోర్టు రోజున మాత్రం పెద్దమ్మ బ్రేకమ్మ వాళ్ళింట్లోనే ఆగిపోయింది. అందరూ ఏదో తిన్నామనిపించాక, బ్రేకమ్మ కాసేపు నడుం వాల్చుదామని మంచమెక్కింది. చీర కూడా మార్చలేదు. ఆ నెలల్లో ఎప్పుడూ రానంత గాఢంగా నిద్రపట్టేసింది. మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ ఎర్రబడింది. ఎవరో ఆమె మీద దుప్పటి కప్పారు. హాల్లో పెద్దమ్మ గుసగుసగా మాట్లాడుతున్నానని అనుకుంటోంది, వీధి చివరిదాకా వినపడుతోంది. గోడకి మేకు ఎంత ఎత్తులో కొట్టాలని బాబాయి అడుగుతున్నాడు. ఇంకొంచెం పైకి అంటోంది మేస్త్రి, కాదు కిందికి, చిట్టికి కనపడాలి కదా అంటోంది పెద్దమ్మ. "మధ్యలో ఆగితే చెప్పండి, లిఫ్టు ఇరుక్కుందనుకుంటాను" అంటున్నాడతను.

లేచి వెళ్ళి తీర్పు చెప్పాలనిపించింది ఆమెకి. మళ్ళీ, వాళ్ళే తేల్చుకుంటారులే అనుకుని దుప్పటి భుజాల దాకా లాక్కుని, ఇంకో పక్కకి తిరిగి పడుకుంది.